ఉష్ర్ నుండి పంట మొత్తానికి: నాలుగు సంఖ్యల లెక్క

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో ఆరంభమై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ రూపకల్పన చేసిన ఆ జలాశయపు కాలువలు బాన్సువాడ, బోధన్ ప్రాంతాలను వరి, చెరకు సీమగా మార్చాయి. రుద్రూర్ ఆ సీమలోనిదే. వానను నమ్ముకున్న చేను కాలువ కిందికి వచ్చినప్పుడు దిగుబడితో పాటు ముస్లిం రైతు ముందుకు ఒక ఫిఖ్హ్ సమస్య కూడా వచ్చింది.

పంట కోసిన నాడే దాని హక్కు చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ (అల్ అన్ఆమ్: 141) ఆదేశిస్తున్నది. వాననీటితో, ఊటలతో పండినదానిలో పదోవంతు, నీరు తోడి పండించినదానిలో ఇరవయ్యోవంతు అని సహీహ్ బుఖారీలోని హదీసు నిర్ణయించింది. నీటితీరువా కట్టి కాలువ నీరు పారించుకున్న పొలానికి రెండవదే వర్తిస్తుందని పలువురు హనఫీ విద్వాంసుల అభిప్రాయం. (ఈ దేశపు భూములు ఉష్రీలా, ఖరాజీలా అన్న పాత వివాదం వేరు; దానిని ఇక్కడ విప్పితే తెమిలేది కాదు.)

బైతుల్‌మాల్‌కు ఒక పొలం నుండి 7 బస్తాల వడ్లు వచ్చాయనుకుందాం. పంట మొత్తమెంత? ఇరవయ్యోవంతయితే నూటికి 5. 5కు 100 ఎలాగో 7కు 140 అలాగు. పదోవంతయితే 10కి 100, 7కు 70. వచ్చినవి అవే ఏడు బస్తాలు; కళ్ళంలోని రాశి మాత్రం ఒకటి రెండవదానికి రెట్టింపు. ఏ నిష్పత్తి పట్టుకోవాలో గణితం చెప్పదు, ఫిఖ్హ్ చెప్పాలి. పట్టుకున్న తరువాతి పని గణితానిది.

ఆ పనిని ఖలీఫా మామూన్ (813–833) కాలంలో ముహమ్మద్ ఇబ్ను మూసా అల్ ఖ్వారిజ్మీ సూత్రబద్ధం చేశాడు. వారసత్వం, వీలునామా, పంపకం, వ్యాపారం వంటి నిత్యావసరాల కోసమే ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ గ్రంథాన్ని రచించినట్లు పీఠికలోనే పేర్కొన్నాడు. వ్యవహారాల అధ్యాయంలో ఆయన చెప్పేది ఇది: ప్రతి బేరంలోనూ నాలుగు సంఖ్యలుంటాయి, మూడు తెలిసినవి, ఒకటి తెలియనిది. తెలిసినవాటిలో ఎదురెదురుగా నిలిచే రెంటిని హెచ్చించి మూడవదానితో భాగించాలి. పది వస్తువులు ఆరుకు అమ్మితే నాలుగుకు ఎన్ని వస్తాయి? పదిని నాలుగుతో హెచ్చిస్తే 40, ఆరుతో భాగిస్తే ఆరూ మూడింట రెండు వంతులు. మన ఏడు బస్తాలకూ ఇదే దారి: 100ను 7తో హెచ్చించి 5తో భాగిస్తే 140.

భారతదేశంలో ఇదే త్రైరాశికం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఉన్నది. మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెనిగించిన పావులూరి మల్లన ద్వారా తెలుగువారికీ చేరింది. అల్ బీరూనీ హిందువుల రాశిక పద్ధతిపై అరబ్బీలో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. ఒకరి విద్యను మరొకరు ఎంత శ్రద్ధగా చదివారో చెప్పడానికి ఆ గ్రంథమొక్కటి చాలు.

ఇక తరచు జరిగే తప్పు ఒకటున్నది. ఇరవయ్యోవంతు తీసి ఇచ్చేశారు, ఎంత ఇచ్చారో వ్రాసిన చీటీ పోయింది. కొట్టులో మిగిలింది 133 బస్తాలు. ఇచ్చినది సరిచూడబోయి 133లో ఇరవయ్యోవంతు కడితే 6.65 వస్తుంది. ఇది సరికాదు. 133 అనేది నూరు పాళ్ళు కాదు, తీయగా మిగిలిన 95 పాళ్ళు. 95కు 100 అయితే 133కు 140. హక్కుదారుల వంతు 7. తేడా 0.35 బస్తా, 75 కిలోల బస్తా అయితే 26 కిలోల పైచిలుకు వడ్లు. కోత నాటి నుండి అవి ఫకీర్లు, మిస్కీన్లవే గాని రైతువి కావు.