తెర వెనుక గొంతు: తెలుగు సినిమా నేపథ్యగానం

1932 ఫిబ్రవరిలో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నేపథ్యగాయకులు లేరు. సురభి నాటక సమాజం నుంచి బొంబాయి వెళ్లిన నటీనటులే కెమెరా ముందు నిలబడి మాట్లాడారు, పాడారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి, పాటలు రాసింది చందాల కేశవదాసు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇదే పద్ధతి నడిచింది. షూటింగే పాటల రికార్డింగు. హార్మోనియం, తబలా, ఫిడేలు వాయించేవాళ్లు కెమెరాకు కనబడకుండా సెట్టు వారగానో చెట్టు చాటునో కూర్చునేవారు. మైకుకు దూరమైతే గొంతు అందదు కాబట్టి, పాడుతూ అటూ ఇటూ తిరగడం నటుడికి కుదిరేది కాదు. అందుకే ముందు గొంతు, తర్వాతే రూపం. చిత్తూరు నాగయ్య, కన్నాంబ, శాంతకుమారి, ఈలపాట రఘురామయ్య ఆ కాలపు తారలు కావడానికి కారణం ఇదే.

పాటను ముందే రికార్డు చేసి, షూటింగులో నటుల చేత పెదవులు కదిలించే పద్ధతికి దారి చూపింది కలకత్తా న్యూ థియేటర్స్. 1935లో 'ధూప్ ఛావ్' కోసం సంగీత దర్శకుడు రాయ్‌చంద్ బోరల్ ఈ పని చేశారు. తెలుగులో 1944 నాటి 'తహసీల్దార్'కు పాడిన ఎం.ఎస్. రామారావును తొలి నేపథ్యగాయకుడిగా చెబుతారు. తర్వాతి తరాలకు ఆయన సుందరకాండ పాడిన సుందరదాసుగానే ఎక్కువ తెలుసు. కొత్త పద్ధతి వచ్చినా నటి భానుమతి మాత్రం తన పాట తానే పాడుకున్నారు.

విజయనగరం సంగీత కళాశాలలో చదివి, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లొచ్చి, సముద్రాల రాఘవాచార్య ఆసరాతో మద్రాసు చేరిన ఘంటసాల వెంకటేశ్వరరావు 1945లో 'స్వర్గసీమ'కు పాడారు. నేపథ్యగానం తెలుగులో ఒక కళగా నిలబడింది ఆయనతోనే. ముఖ్యంగా పద్యం విషయంలో. రంగస్థలం మీద పద్యమంటే సుదీర్ఘమైన రాగాలాపన, దాని వెంట ఈలలు, వన్స్‌మోర్‌లు. ఘంటసాల ఆ సాగదీతను తగ్గించారు. మాట విరగాల్సిన చోటే విరిచి, భావానికి ఎంత రాగం కావాలో అంతే ఇచ్చారు. నాటకాల మోజు లేనివాళ్లు కూడా పద్యాన్ని ఇష్టంగా విన్నారంటే ఆ పొదుపే కారణం. 'పాతాళభైరవి' (1951)లో ఎన్టీఆర్ తోటరాముడికీ, 'దేవదాసు' (1953)లో ఏఎన్నార్‌కూ పాడింది ఒకే మనిషని వినేటప్పుడు తోచదు.

ఆనాటి రికార్డింగు హాల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి వాయించాల్సిందే. ఏ వాద్యం ఎంత వినబడాలో వాయించేవాళ్లను మైకుకు ఎంత దూరంలో కూర్చోబెట్టారనే దాన్ని బట్టి ఉండేది. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పినా పాట మళ్లీ మొదటికి వచ్చేది. అంత సాధనతో రికార్డయిన పాటలు కాబట్టే వాటికి ఆ బిగువు.

పి. సుశీల 1953లో 'కన్నతల్లి'తో, ఎస్. జానకి 1957లో నేపథ్యగానంలోకి అడుగుపెట్టారు. నేపథ్య గాయనికి జాతీయ అవార్డు మొదలైనప్పుడు తొలిసారి అందుకున్నది సుశీలే, అదీ 'ఉయర్న్ద మనిదన్' అనే తమిళ చిత్రానికి. మద్రాసులో ఉన్న తెలుగు గొంతు తెలుగుకే పరిమితం కాలేదు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో వచ్చారు. అవకాశమిచ్చిన ఎస్.పి. కోదండపాణి పేరే తర్వాత తన రికార్డింగు స్టూడియోకు పెట్టుకున్నారు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల మరణించాక ఆ స్థానం ఎవరిదన్న ప్రశ్నకు బాలు సమాధానం వేరు: తెర మీది నటుణ్ని బట్టి గొంతునే మార్చారు. హాస్యనటుడు అల్లు రామలింగయ్యకు పాడితే అల్లు రామలింగయ్యే పాడినట్టుండేది. కొందరు దీన్ని మిమిక్రీ అని తీసిపారేశారు. ఆ విమర్శ 'శంకరాభరణం' (1980) ముందు నిలవలేదు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్వని బాలు, సంగీత దర్శకుడు మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర సాధన చేసి కథానాయకుడు శంకరశాస్త్రికి గొంతిచ్చారు. ఆ చిత్రానికి ఆయనకూ, వాణీ జయరామ్‌కూ, మహదేవన్‌కూ జాతీయ అవార్డులు వచ్చాయి.

ఒక్కో గొంతునూ వాద్యాన్నీ విడివిడిగా రికార్డు చేసే ట్రాకుల పద్ధతి వచ్చాక యుగళగీతం పాడే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేకపోయింది. కొత్త గాయకుల వేట కూడా టీవీకి మారింది. ఈటీవీలో 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో బాలు పోటీదారుల శ్రుతితో పాటు ఒత్తులూ దీర్ఘాలూ దిద్దేవారు. ఉష, మల్లికార్జున్ ఆ వేదిక నుంచి సినిమాలకు వచ్చినవారే. అదే కాలంలో తెలుగు రాని గాయకుల చేత పాడించడం కూడా పెరిగింది. ఉచ్చారణ మీద ఫిర్యాదులు అప్పటి నుంచీ ఆగలేదు.

2023 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' చిత్రంలోని 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. వేదిక మీద గాయకులు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ స్వయంగా పాడారు. కానీ ఆ విభాగం నిబంధనల ప్రకారం అవార్డు స్వరకర్త కీరవాణికీ, రచయిత చంద్రబోస్‌కూ మాత్రమే. పాడినవారికి అందులో వాటా లేదు.