ఫిల్ము వార్ధక్యం

సినిమా ఫిల్ము, ఫోటో నెగెటివ్ వంటి పల్చని పాలిమర్ పొరలు కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయి, పెళుసెక్కి పాడవడాన్ని వార్ధక్యం అంటారు. వేడి, తేమ దీన్ని తొందరపెడతాయి. పొర ఎంతకాలం ఓర్చుకుంటుందన్నది దానిలోని అణు గొలుసుల అమరికను బట్టి ఉంటుంది.

నైట్రేటు కాలం

ఈస్ట్‌మన్ సంస్థ 1889లో సెల్యులాయిడ్ రోల్ ఫిల్ము అమ్మకానికి తెచ్చింది. పత్తిలో ఉండే సెల్యులోజ్ గొలుసుకే నైట్రేటు సమూహాలను తగిలించి తయారుచేసిన పదార్థమిది. ఆ సమూహాలు ఊడితే వెలువడే వాయువులు తేమతో కలిసి ఆమ్లమై, మిగతా గొలుసునూ తెంపుతాయి. మంటకు కావలసిన ఆక్సిజన్ అణువులోనే ఉండటంతో ఈ ఫిల్ము నీళ్లలో ముంచినా ఆరదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) నాటికి థియేటర్లలో ఆడే 35 మి.మీ. ఫిల్ము ఇదే. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్‌ నైట్రేటు రీళ్లు ఎన్నో బూడిదయ్యాయి.

వెనిగర్ సిండ్రోమ్

కొడాక్ 1948లో సెల్యులోజ్ ట్రైఎసిటేట్ తెచ్చాక నిప్పు భయం తీరింది. గొలుసు మాత్రం పాతదే. తేమ లోపలికి దూరి ఎసిటైల్ సమూహాలను విడగొడితే ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం తిరిగి అదే చర్యకు వేగం పెంచుతుంది. ఈ జబ్బే వెనిగర్ సిండ్రోమ్. పదేళ్లు తిరక్కుండానే కొడాక్‌కు దీనిపై తొలి ఫిర్యాదు భారత ప్రభుత్వం నుంచి వెళ్లింది. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమలో కొత్త ఫిల్ముకు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుందని రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా. వరంగల్‌లో ఎండాకాలం వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటి చోట అంత గడువు దొరకదు. జబ్బుపడిన నెగెటివ్‌ల డబ్బా మూత తీస్తే పుల్లటి ఘాటు ముక్కుకు తగులుతుంది. అడుగు పొర కుంచించుకుపోతుంది, పైనున్న జెలటిన్ అంతగా కుంచించుకోదు. అందుకే బొమ్మ మీద కాలువల్లాంటి ముడతలు పడతాయి.

పాలియెస్టర్

విన్‌ఫీల్డ్, డిక్సన్ 1941లో ఇంగ్లండులో ఫిల్ముకు వాడే పాలియెస్టర్ రకాన్ని కనిపెట్టారు. దాని పొరను నిలువుగా, అడ్డంగా సాగదీసి వేడితో స్థిరపరుస్తారు. గొలుసులు బారులు తీరి, అక్కడక్కడా స్ఫటికాలుగా ఒత్తుకుంటాయి. తేమకు అంత తేలిగ్గా సందు దొరకదు. 1990లలో థియేటర్ ప్రింట్లు దీనికి మారాయి.

భౌతిక వార్ధక్యం

రసాయన చర్య లేకున్నా పాలిమర్‌కు వయసు మీదపడుతుందని డచ్ శాస్త్రవేత్త స్ట్రూయిక్ 1978 నాటి తన గ్రంథంలో వివరించాడు. గాజులా బిగుసుకున్న గొలుసులు, తట్టినకొద్దీ కుంచంలో బియ్యం దిగినట్టు, మెల్లగా సర్దుకుంటాయి. మళ్లీ తగినంత వేడి చేస్తే ఈ మార్పు చెరిగిపోతుంది. తెగిన గొలుసు మాత్రం అతకదు. పొర మందం నానోమీటర్లకు దిగితే పాలీస్టైరీన్ మెత్తబడే ఉష్ణోగ్రతే తగ్గుతుందని 1994లో కెడీ, జోన్స్, కోరీ చూపారు. సిలికాను అంటిపెట్టుకున్న అక్రిలిక్ పొర అడుగున ఈ సర్దుబాటు లోపలి భాగంలో కన్నా 15 రెట్లు నెమ్మదిగా సాగుతుందని 2005లో ప్రీస్ట్లీ బృందం కొలిచింది. ఒకే పొరలో అడుగు వయసు వేరు, నడుము వయసు వేరు.