ముందు వాగును కొలవండి

నవంబరు రాత్రి. అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రం, కాస్కేడ్ కొండలకు పడమట ఓ పాడి రైతు పొలం. ఆ రైతు మీరే. పొద్దుటి నుంచి ఒకటే వాన. హవాయి వైపు నుంచి వెచ్చటి తేమను మోసుకొచ్చే ఈ ముసురును ఇక్కడివాళ్లు పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు. రబ్బరు బూట్లలోకి అప్పుడే నీళ్లు దిగాయి. మీ ముందు వాగు, వాగుకు అడ్డంగా మట్టిబాట, బాట కింద మూడడుగుల ఇనప తూము. అవతలి కొట్టంలో మీ పెయ్యలు అరుస్తున్నాయి.

టార్చి దిగువకు తిప్పండి. తూము చివర నుంచి నీళ్లు అడుగున్నర ఎత్తున కిందికి దూకుతున్నాయి. కింది మడుగులోంచి ఎర్రటి చేప ఒకటి పైకి లేచింది. కోహో సాల్మన్. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి తిరిగొచ్చింది. తూము అంచుకు కొట్టుకుని పడింది. మళ్లీ ఎగిరింది. మళ్లీ పడింది. పైకి ఎక్కలేని ఆడచేపలు దిగువ కంకరలోనే తోకతో గుంటలు తవ్వి గుడ్లు దాచేశాయి.

ఇప్పుడు ఎగువకు చూడండి. తూము నోటికి ఆల్డర్ కొమ్మలు అడ్డంపడ్డాయి. వాటికి ఆకులు, గడ్డి చుట్టుకుంటున్నాయి. నీరు దిగడం లేదు. బాట అంచు వరకు ఎక్కింది.

షెడ్డులో పొక్లెయిన్ ఉంది. తాళంచెవి మీ జేబులోనే ఉంది. వాగులోకి దింపి కొమ్మలు లాగేస్తే పది నిమిషాల పని. కానీ దిగే దారి ఆ గుడ్లున్న కంకర మీదుగానే. పైగా ఈ రాష్ట్రంలో వాగు పారకాన్నో అడుగునో మార్చే పని చేయాలంటే చేపలు, వన్యప్రాణుల శాఖ నుంచి హైడ్రాలిక్ పర్మిట్ ఉండాలి. ఇంత రాత్రి ఎవరిస్తారు? ఇస్తారు. ప్రమాదం ముంచుకొస్తే నోటిమాటగా వెంటనే అనుమతి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఫోన్ తీయండి.

"మెషీన్ వాగులో దించకండి. బాట గట్టిగా ఉంటేనే, పైనుంచి లాగండి" అంటోంది అవతలి గొంతు.

బాట మీద నాలుగడుగులు వేస్తారు. మట్టి మెత్తగా ఉంది. ఇంకో అడుగు. దిగువ గట్టులోంచి నీరు చిమ్ముతోంది. బురద నీరు. కాలి కింద పగులు. టార్చి వేస్తారు. వేలు పట్టేంత. చెయ్యి పట్టేంత. వెనక్కి! పరుగెత్తండి!

బాట పోయింది. తూము పోయింది.

తెల్లారేసరికి ఆ మట్టంతా దిగువ కంకర మీద పరుచుకుని ఉంది. గుడ్లకు గాలి అందేది కంకర సందుల్లో పారే నీటితోనే. సందులు పూడిపోయాయి. పెయ్యలకు మేత చుట్టుదారిన ట్రాక్టర్లో వెళ్తోంది.

మీ వాగు పునరుద్ధరణకు స్థానిక నేల, నీటి సంరక్షణ సంస్థ (కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్) వాళ్లు గీసిన ప్లాను ఇంట్లోనే ఉంది. పశువులు దిగకుండా కంచె, గట్ల మీద విల్లో మొక్కలు, అన్నిటికీ ఒప్పుకున్నారు. ఆగింది ఈ తూము దగ్గరే. ఇప్పుడు శాఖ బయాలజిస్టు వచ్చి మొదట అడిగే ప్రశ్న, "అసలు ఇక్కడ దాటడం తప్పదా?" నాకు ఇది చాలా న్యాయమైన ప్రశ్న అనిపిస్తుంది. చుట్టుదారి శాశ్వతంగా సరిపోతే తూమే అక్కర్లేదు. మీకు సరిపోదు. సరే, టేపు పట్టండి.

పాత తూము పక్కన కాదు. అక్కడ నీరు నిలిచి, కోసి, వాగు రూపం మారిపోయింది. ఎగువకు బాగా నడవండి. నిండుగా పారినప్పుడు నీరు గట్టు తాకే గీతను వెతకండి: నాచు ఎక్కడ ఆగిందో, గట్టు వాలు ఎక్కడ మారిందో. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒక్కోచోటా కొలుస్తారు. సగటున ఎనిమిది అడుగులు. దాన్ని 1.2తో హెచ్చించి రెండడుగులు కలపమంటుంది శాఖ మార్గదర్శకం. అంటే తూము లోపల వాగు అడుగు వెడల్పు 11.6 అడుగులుండాలి. పోయినది మూడడుగులు!

గుండె గుభేలుమంటుంది. పైపుల వ్యాపారి నాలుగడుగులదే చాలన్నాడుగా? మామూలు రోజుల నీటికి చాలు. కొమ్మలకు, కంకరకు చాలదు. ఇరుకులో నీరు దూసుకుపోతుంది, కింద గొయ్యి కోస్తుంది, వేలెడంత పిల్లచేప ఎదురీదలేదు. అందుకే వెడల్పు. అందుకే తూము ఎత్తులో 30 నుంచి 50 శాతం వాగు అడుగు కిందికి దించి, లోపల కంకర పరవాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, దాని వెనక మాట తప్పిన చరిత్ర ఉంది. అమెరికా ప్రభుత్వంతో 1854–55లో చేసుకున్న ఒప్పందాల్లో ఇక్కడి ఆదివాసీ తెగలు నేల వదులుకున్నాయి, చేపలు పట్టే హక్కు ఉంచుకున్నాయి. 1974లో ఫెడరల్ జడ్జి బోల్ట్ ఆ హక్కును నిలబెట్టారు. రోడ్ల కింద చేపల్ని అడ్డుకునే తూముల్ని రాష్ట్రం మార్చాల్సిందేనన్న తీర్పు 2018లో సుప్రీంకోర్టు జడ్జీలు 4–4గా చీలడంతో నిలిచింది. ఆ తీర్పు రాష్ట్ర ప్రభుత్వ తూముల గురించి. మీ పొలం తూముకు చేపల దారి చట్టం వేరే ఉంది.

కాగితాలు అనుకున్నంత కష్టం కాదు. చేపలకు దారి తెరిచే పునరుద్ధరణ పనిగా అర్హత దొరికితే కౌంటీ పర్మిట్లు, ఫీజులు ఉండవు. పూర్తి దరఖాస్తు అందాక శాఖకు 45 రోజుల గడువు. కేంద్ర ప్రభుత్వపు ఆర్మీ ఇంజనీర్ల విభాగం (ఆర్మీ కోర్) అనుమతి వేరే కావాలి.

ఆగస్టు. వాగు సన్నబడింది. పైనా కిందా వలలు కట్టి, నీటిని పైపులో పక్కకు మళ్లించారు. బకెట్లోకి తొంగిచూడండి. పిల్ల కోహో, వంటి మీద నిలువు మచ్చలు, కింది రెక్కకు తెల్లటి అంచు. ఎగువకు మోసుకెళ్లి వదలండి. కొత్త తూము దించాక, లోపల పరిచిన కంకర సందుల్లోకి సన్న ఇసుకను నీళ్లతో కొట్టి దించండి, లేకపోతే పారే నీరు అడుగుకు ఇంకిపోయి పైన ఎండిపోతుంది. బురద నీరు పచ్చిక మీదికి తోడండి, వాగులోకి మాత్రం వద్దు.

పర్మిట్‌కు ఓ గడువు ఉంటుంది. చేపకు దారి తెరిచి ఉంచే బాధ్యత మాత్రం ఈ తూము ఉన్నంతకాలం మీదే. ప్రతి పెద్ద వాన తర్వాత వచ్చి చూడండి. కొమ్మ అడ్డంపడితే మెషీన్ తీసేముందు ఫోన్ చేయండి.