పైథాన్ తాళము – ముప్పది యేండ్ల చరిత్ర

చరిత్ర యనగానే రాజ్యములు, యుద్ధములు, శాసనములు మనకు స్ఫురించును. మనుష్యులు కలసి చేసికొనిన చిన్న ఏర్పాటులకు గూడ చరిత్ర కలదు. పైథాన్ అను కంప్యూటరు భాషలో అమర్చిన యొక తాళము కథ అట్టిది. దానిని పెట్టుట సులభమైనది. తీయుట మాత్రము ముప్పది యేండ్లు దాటినను పూర్తి కాలేదు.

పైథానును హాలండు దేశీయుడైన గీడో వాన్ రోసమ్, ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి గణిత, కంప్యూటరు పరిశోధన సంస్థలో పనిచేయుచు, 1989 డిసెంబరులో ప్రారంభించి 1991లో లోకమునకు విడుదల చేసెను. దాని మూలపాఠము అందరికిని తెరచియున్నది. ఎవరైనను దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, ఉచితముగా వాడుకొనవచ్చును.

1992లో ఆ భాషయందు 'థ్రెడ్'లకు చోటు కల్పింపబడెను. థ్రెడ్ అనగా పోగు. ఒకే ప్రోగ్రాములో పలు పనులు జతగా సాగుటకు ఇది సాధనము. అయితే ఇందొక చిక్కు కలదు. పైథాను తనలోని ప్రతి వస్తువును ఎన్నిచోట్ల వాడుచున్నారో లెక్క వ్రాసికొనును. ఆ లెక్క సున్న కాగానే వస్తువును పారవేయును. రెండు పోగులు ఒకే క్షణమున ఆ లెక్కను దిద్దినచో నేమగును? ఐదని యున్నచోట రెండును ఒక్కమారే చూచి, రెండును ఆరని వ్రాసినచో, ఏడు కావలసిన లెక్క ఆరుతో నిలచును. తుదకు ఇంకను వాడుకలో నున్న వస్తువు చెత్తలో పడును, ప్రోగ్రాము కూలిపోవును.

దీనికి తోచిన ఉపాయము తేలికయైనది. పోగు లెన్ని యున్నను తాళపుచెవి యొక్కటే. చెవి ఎవరి చేత నుండునో ఆ పోగే పైథాను పనిని నడుపును, తక్కినవి వేచియుండవలెను. దీనికే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్ అని పేరు. ఆనాటి గృహోపయోగ యంత్రములలో సాధారణముగా ప్రాసెసరు ఒక్కటే యుండెడిది గనుక నష్టము కానరాలేదు.

1990ల ఉత్తరార్ధమున గ్రెగ్ స్టీన్ అను నతడు ఈ పెద్ద తాళమును తీసివేసి, దాని స్థానమున చిన్న తాళములు అనేకము అమర్చి చూపెను. కాని ఒంటిపోగుతో నడచు ప్రోగ్రాముల వేగము దాదాపు సగమునకు పడిపోయెను. ఆ మార్పు నిలువలేదు.

2005 ప్రాంతమున ఒకే చిప్పుపై రెండు కోర్లు గల ప్రాసెసర్లు ఇండ్లలోనికి వచ్చినవి. అటుపిమ్మట నాలుగు, ఎనిమిది. నలుగురు వంటవారున్న వంటశాలలో గరిటె యొక్కటే యైనట్లాయెను. తాళమును తీయుడని కోరువారు పెరిగిరి. 2007లో వాన్ రోసమ్ ఒక నియమము చెప్పెను: ఒంటిపోగు ప్రోగ్రాముల వేగము తగ్గనిచో మాత్రమే అట్టి సవరణను ఆహ్వానింతునని.

ఈ నియమము వెనుక నున్నది 'డిఫాల్టు' అను భావము. డిఫాల్టు అనగా అడుగనివారికి లభించు ఏర్పాటు. అడుగువారు విషయము తెలిసినవారు. తమ అవసరమును చెప్పుకొనగలరు. పాఠము నేర్చుకొను బాలుడు, చిన్న లెక్క వేసికొను గుమాస్తా అడుగరు. మార్పు వచ్చిన సంగతియే వారికి తెలియదు. యంత్రము నెమ్మదించిన కష్టము మాత్రము వారిదే.

2021లో శామ్ గ్రాస్ క్రొత్త మార్గము చూపెను. వస్తువును పుట్టించిన పోగే దానికి యజమాని. యజమాని తన లెక్కను తాళము లేకయే త్వరగా వ్రాసికొనును. పరపోగులు మాత్రమే జాగ్రత్తతో కూడిన నిదానపు పద్ధతిని పాటించును. 703వ ప్రతిపాదనగా వచ్చిన ఈ పథకమును పైథాన్ నిర్వాహక మండలి 2023 అక్టోబరులో అంగీకరించెను. మార్పు మెట్టు మెట్టుగా సాగవలెననియు, బెడిసినచో వెనుకకు తీసికొందుమనియు ముందే చెప్పెను.

2024 అక్టోబరు 7న వెలువడిన 3.13లో తాళము లేని పైథాను ప్రయోగార్థము వేరుగా ఇయ్యబడెను. అందు ఒంటిపోగు పని సుమారు 40 శాతము నెమ్మదించెను. ఇందొక విశేషము కలదు. సి భాషలో వ్రాసిన అనుబంధ మేదైనను 'తాళము లేకున్నను నాకు క్షేమమే' యని ప్రకటింపనిచో, దానిని చేర్చుకొనగానే తాళము తనంతట తానే తిరిగి పడును. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. ఇచట మౌనమును అంగీకారముగా నెంచలేదు.

2025 అక్టోబరు 7న వచ్చిన 3.14లో 'ప్రయోగము' అను మాట తొలగినది. ఆ నష్టము 5 నుండి 10 శాతమునకు తగ్గినది. అయినను అడుగనివారికి ఇచ్చునది తాళమున్న పైథానే.

ఇంతకాలము వేచినందున నష్టము లేకపోలేదు. శాస్త్రగణనలు చేయువారి యంత్రములలో ఎన్నో కోర్లు ఊరక యుండెను. ఆ నష్టమును చెప్పువారు పలువురు కలరు. నెమ్మదించిన యంత్రము ముందు కూర్చుండు బాలుని పక్షమున చెప్పువా రెవరు? ఆ పనిని ఇన్నేండ్లు వాన్ రోసమ్ నియమమే చేసినది. అందుచేతనే 40 శాతము నష్టము 5 నుండి 10 శాతమునకు దిగువరకు పనివారు శ్రమింపవలసి వచ్చెను.