రెండు వందల గంటల లైసెన్సు

తెలుగునేల మీద పైలట్ శిక్షణకు తొలి చిరునామా హైదరాబాదులోని బేగంపేట. 1930లలో నిజాం ప్రభుత్వ అండతో అక్కడ ఏరో క్లబ్ నడిచింది. బ్రిటిష్ ఇండియాలో అప్పటికే ఢిల్లీ, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఫ్లయింగ్ క్లబ్బులు ఉన్నాయి. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా దేశంలోనే ఒకటో నంబరు లైసెన్సు అందుకున్నారు. ఆ రోజుల్లో సరదాకు నడిపేవారికి ‘ఎ’ లైసెన్సు, జీతానికి నడిపేవారికి ‘బి’ లైసెన్సు ఇచ్చేవారు. క్లబ్బులో చేరేది ఎక్కువగా డబ్బున్న ఇళ్ల కుర్రాళ్లే. ఉద్యోగం కోసం విమానం నేర్చుకోవడమన్న ఆలోచన ఇంకా బలపడలేదు.

ఆ ఆలోచనకు ఊపునిచ్చింది రెండో ప్రపంచయుద్ధం. బేగంపేటలో వైమానికదళం ప్రాథమిక శిక్షణ పాఠశాల తెరిచింది. రెండు రెక్కల టైగర్ మాత్ విమానాల మీద కొత్తవారికి ఓనమాలు దిద్దించారు. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర తీరిన డకోటా విమానాలు చవకగా దొరికాయి. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ 1946లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.

చేతిలో లైసెన్సు ఉంటే కాక్‌పిట్‌లో సీటు దొరికినట్టేనా? కాదని ప్రేమ్ మాథుర్ అనుభవం చెబుతుంది. ఆమె 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించారు. ఆడమనిషి నడిపితే విమానం ఎవరెక్కుతారంటూ ఎనిమిది కంపెనీలు ఆమెను కాదన్నాయి. చివరికి ఉద్యోగమిచ్చింది దక్కన్ ఎయిర్‌వేస్. భారతదేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ అలా హైదరాబాదు కంపెనీలో కో-పైలట్ అయ్యారు. కమాండర్ కుర్చీ మాత్రం అక్కడ దక్కలేదు. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట ప్రాధాన్యం మాత్రం తగ్గలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన కేంద్ర శిక్షణ సంస్థను హైదరాబాదులోనే నెలకొల్పింది.

లైసెన్సు నిబంధనలకు దేశీయ ఆధారం 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్. 1944 షికాగో పౌరవిమానయాన ఒప్పందం తర్వాత లైసెన్సులకు అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. నేటి భారత నిబంధనల ప్రకారం కమర్షియల్ పైలట్ లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. 200 గంటలు విమానం నడపాలి. అందులో 100 గంటలు బాధ్యత పూర్తిగా తనదే అయి నడిపినవి కావాలి. 300 నాటికల్ మైళ్లకు తగ్గని దూరప్రయాణం ఒకటి చేసి, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగాలి. రాత్రి నడిపిన గంటలు, కేవలం పరికరాలు చూసి నడిపిన గంటలు వేరుగా లెక్కిస్తారు. నేవిగేషన్, వాతావరణశాస్త్రం, విమాన నియమాలు, సాంకేతిక విషయాల మీద రాతపరీక్షలు ఉంటాయి. రేడియో టెలిఫోనీ అర్హత వేరే. వైద్యపరీక్షలో మొదటి తరగతి ధ్రువపత్రం రాకపోతే మిగతావి ఎన్ని ఉన్నా ఫలితం లేదు. అందుకే ఫీజు కట్టకముందే కళ్లు, చెవులు, గుండె చూపించుకోవడం తెలివైన పని.

1990ల మధ్య వరకు చదువు పరంగా పదో తరగతి చాలేది. తర్వాత ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం తప్పనిసరి అయ్యాయి. పాత గుంటూరు జిల్లాలోని మంగళగిరి, తెనాలి, నరసరావుపేట కాలేజీల్లో ఎంపీసీ చదివేవారికి ఇది అడ్డంకే కాదు. బైపీసీవారు ఓపెన్ స్కూల్లో లెక్కల పరీక్ష రాసి దారి మళ్లవచ్చు. అసలు అడ్డంకి ఖర్చు. గంట గంటకూ పెట్రోలు, విమానం అద్దె, శిక్షకుడి రుసుము పడే చదువు ఇది. మిరప ధర బాగా పలికిన ఏడు కూడా రైతుకు అందేది కాదు.

మంగళగిరికి దగ్గరి విమానాశ్రయం కృష్ణ అవతల గన్నవరంలో ఉంది. పాత గుంటూరు జిల్లాలో శిక్షణ విమానాలు ఎగిరింది మాత్రం పశ్చిమం కొసన, విజయపురి సౌత్ దగ్గరి నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి. 2022 ఫిబ్రవరి 26న ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థి ఒకరు నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా కూలి మరణించారు. ఆ 100 గంటల నిబంధన ఎంత బరువైనదో ఇలాంటి ప్రమాదాలు చూపుతాయి.

200 గంటలు చిన్న విమానాలకే సరిపోతాయి. ఎయిర్‌బస్, బోయింగ్‌లలో ఏది నడపాలన్నా ఆ రకానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ కావాలి. దానికి అవసరమైన గంటల్లో ఎక్కువ భాగం సిమ్యులేటర్‌లో గడుస్తుంది. ఇంజిన్ ఆగడం, మంటలు రావడం వంటివి నిజమైన విమానంలో చేసి చూపలేరు కదా. కమాండర్ కావాలంటే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉండాలి. దానికి 21 ఏళ్ల వయసు, 1,500 గంటల అనుభవం కనీసం. విజయవాడలో చదువుకున్న యానీ దివ్య పదిహేడేళ్లకు రాయబరేలీ దగ్గరి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరి, పందొమ్మిదేళ్లకు ఎయిర్ ఇండియాలో అడుగుపెట్టారు. ముప్పై ఏళ్లకు బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. కమాండర్ అయ్యాక కూడా పరీక్షలు ఆగవు. నైపుణ్య పరీక్ష ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్‌లో, వైద్యపరీక్ష ఏటా జరుగుతాయి. అరవై దాటాక వైద్యపరీక్ష ఆరు నెలలకోసారి. అరవై ఐదేళ్లు నిండాక ఎయిర్‌లైన్ విమానం నడపడానికి అనుమతి లేదు.