ఏకముఖ ద్వారము: ఔత్సాహిక రేడియో చరిత్రలో ఒక ఘట్టము

పలనాటిసీమ రాతినేల. నరసరావుపేటనుండి మాచెర్లవైపు పడమటికి పోయినకొలది నల్లమల కొండలు దగ్గరగుచుండును. చేతిరేడియోలు వాడుకొను హ్రస్వమైన తరంగములు వెలుతురువలె సూటిగా పోవునేగాని, కొండను చుట్టి రాజాలవు. కొండకు ఈవలివారు ఆవలివారితో మాటలాడవలెనన్న శిఖరముపై ఒక రిపీటరు కావలెను. అది ఒక పౌనఃపున్యముపై మాటను విని, ఆ క్షణముననే మరియొక పౌనఃపున్యముపై బిగ్గరగా తిరిగి పలుకును.

అయితే ఎత్తైన చోటు అందరికిని కావలసినదే. పలు శాఖల ఏరియళ్లు ఒక్కచోటనే లేచినప్పుడు చిక్కు మొదలగును. మన రిపీటరు వినునది 145.1, పలుకునది 145.7 మెగాహెర్ట్జ్ అనుకొందము. ప్రక్కవారి ప్రసారము 146.3పై నున్నదనుకొందము. ఆ శక్తి మన ఏరియల్ గుండ వెనుకదారిని ప్రసారయంత్రమున జొరబడి, మన శక్తితో కలిసి క్రొత్త పౌనఃపున్యములను పుట్టించును. 145.7ను రెట్టించి 146.3ను తీసివేసిన వచ్చునది 145.1. అనగా మన రిపీటరు చెవియొగ్గియున్న చోటనే రొద పుట్టినది! దూరమునుండి వచ్చు బలహీనమైన పిలుపు అందులో మునిగిపోవును.

దీనికి విరుగుడు ఐసొలేటరు. హృదయకవాటము రక్తమును ముందునకే పోనిచ్చినట్లు, ఇది రేడియోశక్తిని ఏరియల్‌వైపునకే పోనిచ్చును. వెనుకకు మరలివచ్చిన శక్తి మూడవ ద్వారముననున్న నిరోధకమును చేరి వేడిగా మారిపోవును.

దీని వంశవృక్షము పెద్దది. అయస్కాంతక్షేత్రమున కాంతి ధ్రువణతలము తిరుగునని మైకేల్ ఫారడే 1845లో కనుగొనెను. ముందునకొక తీరు, వెనుకకొక తీరుగా ప్రవర్తించు విద్యుత్సాధనమును గూర్చి 1948లో హాలండు శాస్త్రజ్ఞుడు టెల్లెజెన్ సిద్ధాంతీకరించెను. 1952లో బెల్ ప్రయోగశాలకు చెందిన హోగన్ ఫెర్రైటు అను అయస్కాంతపదార్థముతో దానిని సూక్ష్మతరంగములలో సాధించి చూపెను. 1965లో జపాను రేడియోసంస్థకు చెందిన కొనిషి, చుట్లను కెపాసిటర్లను కూర్చి, తక్కువ పౌనఃపున్యములకు సైతము చిన్న పెట్టెలో ఇమిడెడి రూపమును ప్రకటించెను.

ఇట్టి ఖరీదైన వస్తువు ఔత్సాహికుని చేతికెట్లు వచ్చినది? మన దేశమున ఔత్సాహికులకు అన్యులు వదలిన పరికరములను బాగుచేసికొనుట మొదటినుండియు అలవాటు. రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యము అమ్మివేసిన యంత్రములే ఎందరికో తొలి గురువులు. 1984లో పరికరములపై దిగుమతిసుంకము తొలగువరకు వేరుదారి అరుదు. పిమ్మట సెల్‌ఫోనులు వచ్చి పాత వాణిజ్య రేడియోవ్యవస్థలు మూలబడగా, వాటి ఐసొలేటర్లును పాతసామాను సంతకు చేరినవి.

కాని అవి ఎక్కువగా 150 మొదలు 174 మెగాహెర్ట్జ్ వరకు పనిచేయుటకు చేసినవి. మన ఔత్సాహికుల పట్టీ 144 నుండి 146 వరకే. కనుక శ్రుతి తగ్గింపవలెను. ప్రతి ద్వారముననున్న ట్రిమ్మరు కెపాసిటరును పెంచుదురు. చాలనిచో చిన్న కెపాసిటరు నొకదానిని జోడింతురు. లోన అయస్కాంతమున్నందున ఇనుప స్క్రూడ్రైవరు పనికిరాదు. స్వల్పశక్తితో మొదలిడి, ముందునకు నష్టము అత్యల్పముగను, వెనుకకు అడ్డు అత్యధికముగను ఉండునట్లు మరల మరల సవరింపవలెను. వెనుకకు 30 డెసిబెళ్ల అడ్డు లభించినచో, మరలివచ్చు శక్తిలో వేయింట నొక పాలు మాత్రమే యంత్రమును చేరును. ఫెర్రైటు తానే కొన్ని అనుస్వరములను పుట్టించును గావున, ఏరియల్‌కు ముందొక వడపోత సాధనముంచుట విధి.

ఈ ఓపిక యంతయు ఎందులకు? 1977 నవంబరు 19వ తేదీ తుపాను దివిసీమను ముంచినప్పుడు తంతిస్తంభములు నేలకూలినవి. వేలాది ప్రాణములు పోయినవి. 1983లో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆమెచ్యూర్ రేడియో వెలసినది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఆ సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ నాయకత్వమున అండమానులోనున్న బృందము హ్రస్వతరంగములపై వార్తల నందించినది. దూరమునకు హ్రస్వతరంగములు, ఊరికిని ఊరికిని నడుమ రిపీటర్లు. ఆపదవేళ మాటలాడువాని బ్యాటరీ క్షీణించియుండును, గొంతు సన్నగిల్లియుండును. ఆ గొంతు వినబడుటయో, వినబడకుండుటయో ఒకనాడెవరో ఓపికతో శ్రుతిచేసిన పాతపెట్టెపై ఆధారపడవచ్చును.