తనఖాలో ఉన్న ఇల్లు: సంతకానికి ముందు తెలియాల్సినవి

దళిత కుటుంబానికి చాలాసార్లు ఇల్లొక్కటే ఆస్తి. మాచర్లలో ఇల్లు అమ్మేవారికీ, కొనేవారికీ తనఖా గురించి తెలియాల్సినవి క్లుప్తంగా ఇస్తున్నాం.

తనఖాలో ఉన్న ఇల్లు అమ్మవచ్చా?
అమ్మవచ్చు. కానీ బాకీ తీరేదాకా ఆ ఇంటిమీద బ్యాంకు హక్కు పోదు. బ్యాంకు నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకుని, బాకీ సొమ్మును కొనేవారు నేరుగా బ్యాంకుకే కట్టాలి.

ఈసీ చూస్తే చాలా?
చాలదు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కొన్నిసార్లు ఈసీలో కనబడదు. అసలు కాగితాలు చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు.

డి-పట్టా స్థలమైతే?
1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తిస్తుంది. బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెట్టవచ్చు. ప్రైవేటు వడ్డీ వ్యాపారికి కుదరదు. గడువు దాటిన పట్టాలకు తర్వాతి సవరణలు సడలింపు ఇచ్చాయి. కాబట్టి స్థలం 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో చూడాలి.

అప్పుకు హామీగా అమ్మకం దస్తావేజు రాయమంటే?
రాయవద్దు. బాకీ తీరితే ఇల్లు తిరిగివ్వాలన్న షరతు అదే దస్తావేజులో లేకుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దాన్ని తనఖాగా చూడదు. తనఖా అయితే మాత్రం బాకీ కట్టి విడిపించుకునే హక్కు 60వ సెక్షన్ ఇస్తుంది.

బాకీ తీరాక కాగితాలు ఎప్పుడిస్తారు?
రిజర్వు బ్యాంకు 2023 ఆదేశం ప్రకారం 30 రోజుల్లో. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం.

ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. సంతకం పెట్టకముందే దాన్ని వాడుకుందాం.